పసివారి గురువు పదవ పయస్

విద్యారంభానికి తగిన వయస్సేది అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. ఐదవ ఏట పలకపై ఓనమాలు దిద్దించటం, ఎనిమిదవ ఏట ఉపనయనం చేయటం మన పెద్దలు ఏర్పరచిన క్రమం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నడుమనున్న కథలాపూర్ వంటి ఊళ్లలో నేటికీ బిడ్డకు ఊహ తెలియగానే గోదావరి ఒడ్డున ఉన్న బాసరకు తీసికొనిపోయి, జ్ఞానసరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం జరిపించే తల్లిదండ్రులున్నారు. ఆ బిడ్డకు సరస్వతీతత్త్వం తెలియునా అని అక్కడ ఎవరూ అడుగరు. పలకను ఆటవస్తువుగా గాక చదువుకు సాధనంగా గుర్తించగలిగితే చాలును. తక్కినదంతా ఆ చదువే నేర్పుతుంది.

ఇంత తేలికగా తోచే ఈ విషయమే కథోలిక క్రైస్తవ సమాజంలో కొన్ని శతాబ్దాలపాటు చిక్కుముడియై నిలిచినది. ఆ సమాజంలో దివ్యసంస్కారాలు ఏడు. జ్ఞానస్నానం శిశువుకు పుట్టిన కొలది దినాలకే ఇస్తారు. అది తల్లిదండ్రుల విశ్వాసంపై జరిగేది. బిడ్డ తానుగా ఎరిగి పొందే తొలి సంస్కారాలు రెండు: చేసిన తప్పులను గురువు ఎదుట చెప్పుకొని క్షమాపణ పొందే పాపసంకీర్తనం, క్రీస్తు శరీరమని నమ్మి అప్పమును స్వీకరించే దివ్యసత్ప్రసాదం. ఈ రెండింటికీ బిడ్డను సిద్ధపరచే బోధకు సత్యోపదేశమని పేరు. ఆ సిద్ధపాటు ఎంతకాలం సాగాలి? ఎంత తెలిస్తే బిడ్డ అర్హుడు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పి, ప్రపంచమందలి కథోలిక బాలబాలికలందరి జీవితక్రమాన్ని మార్చినవాడు పదవ పయస్ పోపు. ఆయన పసివారి పక్షం వహించటానికి మూలం ఆయన పుట్టి పెరిగిన తీరులోనే ఉన్నది.

ఇటలీ దేశపు ఈశాన్య భాగంలో, వెనెటో సీమలో రియేసె అనే చిన్న గ్రామం కలదు. 1835 జూన్ 2వ తేదీన అక్కడ జుసెప్పె సార్తో జన్మించినాడు. నాడు ఆ సీమ ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి జొవన్నీ బత్తిస్తా గ్రామ కచేరీలో బంట్రోతు. ఉత్తరాలు మోసుకొనిపోయి ఇచ్చేవాడు. తల్లి మార్గరీతా సాన్సన్ బట్టలు కుట్టేది. సార్తో అన్న ఇంటిపేరుకు ఇటలీ భాషలో దర్జీ అని అర్థం. పదిమంది సంతానంలో మొదటి బిడ్డ పురిటిలోనే పోగా, బ్రతికినవారిలో జుసెప్పె జ్యేష్ఠుడు.

పిల్లవాని చురుకుదనం గమనించి విచారణ గురువు తీతో ఫుసరీనీ అతనికి లాటిన్ పాఠాలు చెప్పించినాడు. పై చదువుకు నాలుగు మైళ్లకు పైగా దూరమున్న కాస్తెల్‌ఫ్రాంకో పట్టణానికి నిత్యమూ నడచి వెళ్లవలసి వచ్చేది. జోళ్లు అరిగిపోకుండా వాటిని భుజాన వేసికొని, పట్టణపు పొలిమేర వరకు ఉత్తకాళ్లతో నడిచేవాడని చెబుతారు. మన పల్లెలలో వాగులు దాటి బడికి పోయిన తరానికి ఈ దృశ్యం విడమరచి చెప్పనక్కరలేదు.

1850లో పదువా గురువిద్యాలయంలో ఉచిత విద్యార్థి స్థానం లభించినది. అదే రియేసెలో పుట్టి వెనిస్ నగర పీఠాధిపతి పదవికి ఎదిగిన యాకొపో మోనికో దీనికి సాయపడినాడు. రెండేళ్లు తిరుగకముందే, 1852లో తండ్రి మరణించినాడు. పెద్దకొడుకు ఇంటికి తిరిగివచ్చి సంసారభారం తలకెత్తుకొనటం లోకరీతి. మార్గరీతా అందుకు ఒప్పుకొనలేదు. సూదిని నమ్ముకొని తక్కిన పిల్లలను సాకినది. కొడుకు చదువు ఆగనీయలేదు. 1858 సెప్టెంబరు 18వ తేదీన కాస్తెల్‌ఫ్రాంకో దేవాలయంలో జుసెప్పె సార్తో గురుపట్టం పొందినాడు.

మొదటి ఉద్యోగం తొంబొలో అనే గ్రామంలో సహాయ గురువుగా. విచారణ గురువు తరచు అస్వస్థుడై ఉండుటచేత పని చాలావరకు ఈ యువకునిపైననే పడినది. ఊరివారిలో పశువుల బేరగాళ్లు ఎక్కువ. సంతలకు తిరిగేవారు, నోటి దురుసు కలవారు, చాలామంది నిరక్షరులు. సార్తో వారికొరకు రాత్రిబడి తెరచినాడు. అక్షరం తెలియనివారిని తాను చేరదీసికొని, కొంత తెలిసినవారిని బడిపంతులుకు అప్పగించినాడట. జీతంగా ఏమి ఇచ్చుకోవాలని వారడుగగా, బూతుమాట, దైవదూషణ మానివేయటమే తనకు జీతమని చెప్పినట్లు ఆ ఊరిలో కథగా మిగిలినది. తొమ్మిదేళ్లు అక్కడ గడచినవి. పామరుని ఎదుట తన పాండిత్యం ప్రదర్శించకుండా అతనికి అందేటట్లు మాట్లాడే విద్య ఆయనకు అబ్బినది ఆ రాత్రిబడిలోనే అనవచ్చును.

1867లో సల్జానో అనే పెద్ద గ్రామానికి విచారణ గురువైనాడు. అక్కడ సత్యోపదేశాన్ని ప్రశ్నోత్తరాల రూపంలో స్వయంగా వ్రాసికొని పిల్లలకు బోధించినాడు. 1873లో కలరా ఆ ప్రాంతాన్ని పట్టి పీడించినది. రోగుల ఇళ్లకు వెళ్లటం, చివరి సంస్కారాలు ఇవ్వటం, మృతులను సాగనంపటం ఆయన దినచర్య అయినది. నాటి ఆచారం ప్రకారం ఏడెనిమిదేళ్ల బిడ్డ మరణశయ్యపై ఉన్నా, ఇంకా తొలి సత్ప్రసాదం పుచ్చుకొనే ఈడు రాలేదన్న నెపంతో, పెద్దలకిచ్చే ఆ చివరి ఆహారాన్ని ఇవ్వని చోట్లు అనేకం ఉండేవి. ఆ బిడ్డను శిశువుల జాబితాలో చేర్చి పాతిపెట్టేవారు. ఈ ఆచారాన్ని ఆయన తరువాతి కాలంలో ఎంత కటువుగా ఖండించినాడో చూడగలం.

ఈ ఆచారం ఎక్కడినుండి వచ్చినది? 1215లో లాతరన్‌లో జరిగిన నాల్గవ మహాసభ, వివేకం వచ్చిన ప్రతి విశ్వాసీ ఏడాదికొకసారియైనా పాపసంకీర్తనం చేసి, పాస్కా పండుగనాటికి సత్ప్రసాదం పుచ్చుకోవాలని శాసించినది. వివేకమంటే మంచిచెడ్డలు తెలియటం. అది ఏడేళ్ల ప్రాంతంలో వస్తుంది. అయితే కాలక్రమాన ఈ ఒక్క వయస్సును రెండుగా చీల్చినారు. తప్పు చేసి ఒప్పుకొనటానికి ఏడేళ్లు చాలునన్నారు. సత్ప్రసాదానికి పది, పన్నెండు, కొన్ని సీమలలో పద్నాలుగేళ్లు రావాలన్నారు. పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సులో ప్రబలిన జాన్సెన్ మతస్థుల కాఠిన్యం దీనికి తోడైనది. సత్ప్రసాదం పరిపూర్ణులకు దక్కే బహుమానమని, సామాన్యుడు దానికి దూరంగా ఉండటమే భక్తియని వారి భావన. బిడ్డ తప్పులకు బాధ్యుడు కాగలడు గాని ఊరటకు పాత్రుడు కాలేడన్నమాట. దండనకు వచ్చిన ఈడు దయకు రాదా అని అడిగేవారు లేకపోయినారు. జుసెప్పె సార్తో సైతం తన తొలి సత్ప్రసాదానికి పదేళ్లు దాటేవరకు ఆగవలసి వచ్చినది.

1875లో ఆయనను త్రెవీసో నగరానికి పిలిపించి గురువిద్యాలయానికి ఆత్మోపదేశకునిగా, పీఠ కార్యాలయానికి అధికారిగా నియమించినారు. అంతటి పనుల నడుమ కూడా ప్రభుత్వ పాఠశాలలలో చదివే పిల్లలకు సత్యోపదేశం అందే ఏర్పాటు చేసినారు. 1884లో మాంతువా పీఠాధిపతి పదవి వచ్చినది. ఆ సందర్భంలో తల్లికి తన పీఠాధిపతి ఉంగరాన్ని చూపగా, తన పెండ్లి ఉంగరమే లేకుంటే ఆ ఉంగరం ఉండేది కాదని ఆమె చమత్కరించినదని ఒక కథ ప్రచారంలో ఉన్నది. మాంతువాలో ఆయన విచారణ గురువులకు నొక్కిచెప్పినది ప్రధానంగా ఒక్కటే: ఆదివారం ప్రసంగం ఎంత మనోహరంగా ఉన్నా, పిల్లలకు జరుగవలసిన పాఠానికి అది బదులు కాదు. 1889లో పియచెంజా నగరంలో సత్యోపదేశంపై జాతీయ మహాసభ జరిగినపుడు, ఊరికొక పుస్తకం, పీఠానికొక పాఠం అన్న గందరగోళం పోయి, సులభమైన ఒకే వాచకం అందరికీ ఉండాలని ఆయన ప్రతిపాదన పంపినారు.

1893లో ఆయన కార్డినల్‌గాను వెనిస్ పీఠాధిపతిగాను నియుక్తులైనారు. ఇటలీ ప్రభుత్వం అనుమతి ఇవ్వటంలో జాప్యం చేయుటచే 1894 నవంబరులో గాని నగరప్రవేశం జరుగలేదు. కొడుకు వైభవం చూడకుండానే ఆ ఏడాది ఫిబ్రవరిలో మార్గరీతా కన్నుమూసినది.

1903 జూలైలో పదమూడవ లియో పోపు మరణించగా, వెనిస్ నుండి సార్తో రోముకు బయలుదేరినారు. తిరుగు ప్రయాణానికి కూడా టిక్కెట్టు కొనుక్కొనే వెళ్లినారని చెబుతారు. ఎన్నికలో మొదట ముందంజలో ఉన్న కార్డినల్ రంపొల్లాకు ఆస్ట్రియా చక్రవర్తి పక్షాన అభ్యంతరం వచ్చినది. చివరకు ఆగస్టు 4వ తేదీన సార్తో ఎన్నికై పదవ పయస్ అన్న నామం ధరించినారు. రాజుల అభ్యంతరాలు ఇకపై చెల్లవని మరుసటి ఏడాదే ఆయన శాసనం చేసినారు. పల్లెటూరి సహాయ గురువు మొదలు విచారణ గురువు, పీఠాధిపతి వరకు ప్రతి మెట్టుపై నిలిచి పనిచేసి అంతటి పదవికి చేరినవారు అరుదు. తమ అక్కచెల్లెళ్లకు బిరుదులేవీ ఇవ్వనీయలేదు. వారు రోములో సామాన్య గృహంలోనే కాలం గడిపినారు.

ఆదివారాలలో రోమునగర విచారణల ప్రజలు వాటికన్ ప్రాంగణంలో చేరేవారు. పోపు స్వయంగా వారికి సత్యోపదేశం చెప్పేవారు. పదవి మారినా తొంబొలో రాత్రిబడి పంతులు మారలేదు.

1905 ఏప్రిల్ 15వ తేదీన సత్యోపదేశంపై ఒక విశ్వలేఖ వెలువరించినారు. దానిలో ఆయన పట్టుకొన్న మూలవ్యాధి అజ్ఞానం. పండితులనిపించుకొన్నవారు కూడా తమ మతవిషయంలో పసివారికన్న తక్కువ ఎరుగుదురని బాధపడినారు. బోధను అదృష్టానికి వదలక ఒక పద్ధతి ఏర్పరచినారు. ప్రతి ఆదివారం, ప్రతి పండుగనాడు విచారణ గురువు బాలబాలికలకు ఒక గంటసేపు పాఠం చెప్పాలి. పాపసంకీర్తనానికి, భద్రమైన అభ్యంగనానికి ముందు వరుసగా కొన్ని దినాలు ప్రత్యేక బోధ సాగాలి. తొలి సత్ప్రసాదానికి సిద్ధమయ్యే పిల్లలకు తపస్సుకాలంలో నిత్యమూ, అవసరమైతే పాస్కా పండుగ తరువాత కూడా నేర్పాలి. గురువుకు తోడ్పడే గృహస్థ బోధకుల సంఘం ప్రతి విచారణలోను ఉండాలి. పెద్దలకు వేరే పాఠముండాలి. అదే ఏడాది డిసెంబరులో తరచుగా, వీలైతే నిత్యమూ సత్ప్రసాదం పుచ్చుకొనవచ్చునని మరొక ఆజ్ఞ వెలువడినది. సత్ప్రసాదం పుణ్యానికి బహుమానం కాదు, బలహీనతకు మందు అన్న భావం దాని ప్రాణం. పెద్దల విషయంలో ఇది ఒప్పుకొన్న తరువాత, పిల్లలను వాకిట నిలుపటానికి కారణం మిగులలేదు.

ఆ రోజులలోనే ఐర్లండులోని కార్క్ నగరంలో ఎలెన్ ఆర్గన్ అనే పసిపిల్ల జబ్బుపడి, సత్ప్రసాదం కొరకు పరితపించినది. పీఠాధిపతి అనుమతితో 1907 డిసెంబరులో ఆమెకు అది లభించినది. మరుసటి ఫిబ్రవరిలో, నాలుగేళ్లు నిండి ఐదు రాకముందే, ఆమె మరణించినది. ఈ వృత్తాంతం పోపు చెవినబడి ఆయనను కదిలించినదని చెప్పుకొంటారు. ఆయన నిర్ణయానికి ఒక్క ఈ బిడ్డ కథయే హేతువని అనటం సరికాదు. దాని వెనుక యాభై యేళ్ల అనుభవం ఉన్నది.

1910 ఆగస్టు 8వ తేదీన ఆ నిర్ణయం ఆజ్ఞారూపం దాల్చినది. అందులోని నియమాలు ఎనిమిది. పాపసంకీర్తనానికి, సత్ప్రసాదానికి వివేకం వచ్చే వయస్సు ఒక్కటే. అది సుమారు ఏడేళ్లు, కొందరికి కొంచెం ముందు, కొందరికి కొంచెం వెనుక. సత్యోపదేశమంతా క్షుణ్ణంగా తెలిసి ఉండనక్కరలేదు. విశ్వాస రహస్యాలలో ముఖ్యమైనవి తన శక్తికొలది ఎరిగి, ఈ అప్పానికీ మామూలు రొట్టెకూ భేదం గుర్తించి, ఈడుకు తగిన భక్తితో రాగలిగితే చాలును. తక్కినది తరువాత క్రమంగా నేర్చుకోవాలి. బిడ్డ సిద్ధంగా ఉన్నాడో లేదో తేల్చవలసినవారు తండ్రి లేక తండ్రి స్థానంలో ఉన్నవారు, పాపసంకీర్తనం వినే గురువు. మరణావస్థలో ఉన్న వివేకవంతుడైన బిడ్డకు చివరి సత్ప్రసాదం నిరాకరించటం గర్హనీయమని ఎనిమిదవ నియమం తీవ్రంగా పలికినది. సల్జానో గురువు చూసిన కలరా కాలం ఆ కటువైన మాట వెనుక ఉన్నదని ఊహించటం అసంగతం కాదు.

ఈ ఆజ్ఞను అందరూ సంతోషంతో స్వీకరించలేదు. ఫ్రాన్సులో పన్నెండేళ్ల ప్రాయంలో జరిగే తొలి సత్ప్రసాదం కుటుంబానికి గొప్ప ఉత్సవం. దానికొరకే తల్లిదండ్రులు పిల్లలను ఏళ్ల తరబడి సత్యోపదేశానికి పంపేవారు. ఏడేళ్లకే అది ముగిస్తే తరువాత పాఠానికి ఎవరు వస్తారన్నది అక్కడి గురువుల భయం. ఇది త్రోసివేయదగిన భయం కాదు. పరీక్ష ముగిసిన మరునాడు పుస్తకం మూసివేసే విద్యార్థిని ఎరిగిన ఉపాధ్యాయునికి అందులోని నిజం తెలుసును. ఫ్రాన్సువారు పసితనంలో తొలి సత్ప్రసాదం ఇచ్చి, పన్నెండవ ఏట మరొక ఉత్సవ సత్ప్రసాదాన్ని నిలుపుకొని మధ్యేమార్గం కనుగొన్నారు. పోపు మాత్రం సమస్యను వేరు విధంగా చూచినారు. బోధ నిలుపుటకు బిడ్డను ఆకలితో ఉంచటం మార్గం కాదు; తిండి పెట్టి బోధ కొనసాగించటం గురువు పని. 1912 ఏప్రిల్‌లో ఆ ఫ్రాన్సు దేశమునుండే సుమారు నాలుగువందలమంది పసివారు, తమకు త్వరగా సత్ప్రసాదం కలిగించినందుకు కృతజ్ఞత తెలుపటానికి రోముకు వచ్చినారు. అదే ఏడాది ఆయన పేర వెలువడిన క్రొత్త సత్యోపదేశం 433 ప్రశ్నోత్తరాలకు కుదించబడినది. ఇది 1905 నాటి గ్రంథంకన్న ఎంతో చిన్నది. పసివాని జ్ఞాపకశక్తిపై మోయరాని బరువు పెట్టరాదన్న ఉపాధ్యాయ వివేకం అందులో కనబడుతుంది.

ఇంతటి మెత్తని మనసుకు మరొక ముఖం కూడ ఉన్నది. చరిత్ర దానిని మరువరాదు. ఆధునిక విమర్శ పద్ధతులతో మతగ్రంథాలను పరిశీలించే పండితుల భావాలను ఆయన 1907లో ఖండించినారు. 1910లో గురువులందరూ ఆ భావాలకు వ్యతిరేకంగా ప్రమాణం చేయాలని విధించినారు. ఈ ప్రమాణం 1967 వరకు అమలులో ఉన్నది. ఆ అనుమానపు వాతావరణంలో నిర్దోషులైన విద్వాంసులు కొందరు బాధపడినారు. చాటుగా నేరాలు మోపేవారికి సందు దొరికినది. పసివాని చిన్న ప్రశ్నను అంత ఆదరంతో విన్న మనిషి పండితుని పెద్ద ప్రశ్నకు భయపడినాడు. సామాన్యుల విశ్వాసానికి కావలికాస్తున్నానన్న భావమే రెండింటికీ మూలం కావచ్చును. అయినను ఒకచోట అది తలుపు తెరచినది, మరొకచోట మూసినది.

1914 జూలై చివర ఐరోపా మహాయుద్ధం అంటుకొన్నది. తాను సత్ప్రసాదపు తలుపు తెరచిన పిల్లల తండ్రులు, అన్నలు ఇరుపక్షాల సేనలలో నిలిచి ఒకరినొకరు చంపుకొనటం చూడవలసి వచ్చినది. ఆ ఆగస్టు 20వ తేదీన ఆయన మరణించినారు. బీదగా పుట్టి బీదగా బ్రతికినట్లే బీదగా పోవాలన్న కోరికను మరణశాసనంలో వ్రాసిపెట్టుకొన్నారు. 1954 మే 29వ తేదీన ఆయన పునీతులుగా ప్రకటింపబడినారు.

ఆయన కన్నుమూసిన 1914లోనే మన ఆంధ్రదేశంలో సిల్వియో పాస్క్వాలి అనే ఇటలీ గురువు, సత్యోపదేశమే ప్రధాన వృత్తిగా గల సెయింట్ ఆన్ సోదరీసంఘాన్ని స్థాపించినారు. 1855 నుండి హైదరాబాదు మిషనులో పనిచేస్తూ వచ్చిన మిలాన్ గురువుల పరంపరలోనివారాయన. కథలాపూర్ చేరిన పాత కరీంనగరం జిల్లా అంతయు ఆ హైదరాబాదు మిషను పరిధిలోనే ఉండి, 1952లో ఏర్పడిన వరంగల్ పీఠం క్రిందికి వచ్చినది. తెలుగు పల్లెలలో గురువు నెలకొకసారి వచ్చినా, ఊరిలోనే ఉండే ఉపదేశి పిల్లలను సాయంకాలం కూర్చుండబెట్టి జపాలు, ప్రశ్నోత్తరాలు నోటిపాఠంగా వల్లెవేయించేవాడు. అక్షరం రాని ఇండ్లలో ఆ బిడ్డలే తిరిగి తల్లికి, అవ్వకు జపాలు నేర్పిన సందర్భాలు కలవు.

1983లో కథోలిక ధర్మశాస్త్రాన్ని తిరిగి వ్రాసినపుడు కూడ ఏడేళ్ల నియమం చెక్కుచెదరలేదు. మతమేదైనా కానిండు, బడిపంతులు ఇందులో గ్రహింపదగినది ఒకటున్నది. బిడ్డ అర్హుడా అని ప్రశ్నించేముందు, బిడ్డకు అందేటట్లు నేను చెప్పినానా అని గురువు తన్ను తాను ప్రశ్నించుకొనాలి. తొంబొలోలో పశువుల బేరగాళ్లకు అక్షరాలు దిద్దించిన నాటినుండి వాటికన్ ప్రాంగణంలో పాఠం చెప్పిన నాటివరకు ఆయన ఈ ప్రశ్నను విడువలేదు. 1910 నాటి ఆజ్ఞలో పిల్లలపై పడిన బరువు స్వల్పం. తండ్రిపైనా, గురువుపైనా పడిన బరువే ఎక్కువ. బిడ్డ ఏడేళ్లకు సిద్ధం కావాలంటే ఆరేళ్లకే ఎవరో ఒకరు అతని ప్రక్కన కూర్చుండి చెప్పాలి.